బడి పేజీలో ఆ పిల్ల పాట

పదహారేళ్లు నిండని పిల్లలెవరికీ సోషల్ మీడియాలో అకౌంట్ ఉండకూడదని మా బడిలో ఒక ఏడాది నియమం పెట్టారు. ప్రభుత్వాలు ఎలాగూ అదే ఆలోచనలో ఉన్నాయని, ముందే చేస్తే మంచి పేరొస్తుందని యాజమాన్యం అనుకుంది. తల్లిదండ్రులను ఒప్పించే పని తెలుగు టీచర్నైన నా మీద పడింది. శంషాబాద్‌లో ఓ ప్రైవేటు బడి మాది. పిల్లల తల్లిదండ్రుల్లో చాలామంది ఎయిర్‌పోర్టులో లగేజీ ఎత్తేవాళ్లు, క్యాబ్ నడిపేవాళ్లు, ఊడ్చి తుడిచేవాళ్లు. ఇంగ్లీషులో చెబితే తలూపి వెళ్లిపోతారని నన్ను పెట్టారు.

శనివారం సాయంత్రాలు మీటింగ్. ఒక్కొక్కరి పక్కన కూర్చుని, ఫోన్లో పిల్లల అకౌంట్లు ఎక్కడున్నాయో, ఎలా తీసేయాలో చూపించేదాన్ని. అకౌంట్ తెరవడానికి పిల్లలు ఇచ్చిన పుట్టిన సంవత్సరాలు చూస్తే మా ఏడో తరగతిలో సగం మంది నాకంటే పెద్దవాళ్లు. మహేశ్వరం నుంచి వచ్చే ఒక తండ్రి అన్నీ ఓపిగ్గా విని అడిగాడు.

"ఫోన్ గుంజుకుంటం మేడం, మంచిదే. మరి మేం డ్యూటీకెల్లి వచ్చేదాంక వాడు ఏం జెయ్యాలె?"

సాయంత్రాలు బడి మైదానం తెరిచి ఉంచమని అడుగుతానన్నాను. అడిగాను. కుదరదన్నారు.

ఆ మీటింగులకే కొత్వాల్‌గూడ నుంచి ఒకామె వచ్చేది. ఎయిర్‌పోర్టులో హౌస్‌కీపింగ్ పని. కూతురు మా దగ్గర ఎనిమిదో తరగతి. ఆ పిల్ల ఆదివారాలు చర్చిలో పాడేది, ఆ పాటలే తన అకౌంట్లో పెట్టుకునేది. కందుకూరు దగ్గరి పల్లెలో మోకాళ్ల నొప్పులతో ఇల్లు కదలని అమ్మమ్మ వాటిని పక్కింటి వాళ్ల ఫోన్లో చూసేదట. దేవుని పాటలే కదా, వాటితో ఏం నష్టమని తల్లి అడిగింది. పాట మంచిదే, చూసేవాళ్లెవరో మనకు తెలియదు కదా అన్నాను. మీరు చెప్తున్నరు గదా అని ఆమె పక్కనే ఉన్న కూతురి చేతికి ఫోన్ ఇచ్చింది. ఆ పిల్ల నా ముందే అకౌంట్ తీసేసి, తలొంచుకుని కూర్చుంది. తర్వాతి శనివారం మీటింగులో నేను ఆ కుటుంబాన్నే మెచ్చుకుంటూ మాట్లాడాను.

వార్షికోత్సవంలో ఆ పిల్ల లంగా ఓణీ కట్టుకుని ఒక జానపదం పాడింది. హాలంతా చప్పట్లు. అప్పుడే కొత్త అడ్మిషన్లు మొదలయ్యాయి. ఆ పాట వీడియోను పిల్ల పేరు, తరగతితో సహా బడి పేజీలో పెట్టారు. నాకు తెలియదు. తల్లికీ ఎవరూ చెప్పలేదు. డ్యూటీలో ఉండగా తోటి పనామె ఫోన్లో చూపించిందట.

మర్నాడు ఆమె యూనిఫాంలోనే బడికి వచ్చింది. గొంతు పెంచలేదు. ఫోన్ నా ముందు పెట్టింది. వీడియో కింద జనం రాసినవి చదివాను. వాటిని ఇక్కడ రాయను. పదమూడేళ్ల పిల్ల గురించి పెద్ద మగవాళ్లు రాసిన మాటలవి.

"మీరు చెప్తేనే గదా మేడం తీసేసినం. మా పిల్ల పెట్టుకుంటె తప్పన్నరు. మరి గిదేంది? మీరు పెట్టుకుంటె ఎట్ల ఒప్పయితది?"

ఆమెను కూర్చోబెట్టి ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లాను. ఆయన మర్యాదగానే విన్నారు.

"అది బడి పేజీ అండీ, పిల్ల అకౌంట్ కాదు కదా. మన వీడియోల్లో ఎక్కువమంది చూసింది అదే. ఈ టైములో ఎలా తీసేస్తాం? కామెంట్లు ఆపించేస్తాను లెండి."

అలాగైతే నేనిక మీటింగుల్లో మాట్లాడనన్నాను. సరేనండీ అన్నారు. ఆయనకు కోపం కూడా రాలేదు. ఆ శనివారం నుంచి కంప్యూటర్ సార్ మాట్లాడాడు, నేను తయారుచేసిన పాఠంతోనే.

కామెంట్లు ఆపించారు. కానీ అప్పటికే తరగతిలో మగపిల్లలకు అవి నోటికొచ్చేశాయి. వాళ్లను పిలిచి మందలించాను. నా ముందు తలలు దించుకుని, వెనక మళ్లీ అవే అన్నారు. ఆ పిల్ల పరీక్షలకు తప్ప బడికి రాలేదు. అడ్మిషన్లు ముగిశాక వీడియో తీసేశారు. సీట్లన్నీ నిండినందుకు స్టాఫ్ రూంలో మిఠాయి పంచారు.

ఎండాకాలం సెలవుల తర్వాత తల్లి ఆ పిల్లను సర్కారు బడిలో వేసిందని విన్నాను. వానాకాలంలో ఒక సాయంత్రం బస్టాపులో ఆమె నాకు కనబడింది. ముఖం తిప్పుకుంటుందేమో అనుకున్నాను. తనే పలకరించింది. పాప ఎలా ఉందన్నాను.

"చదువుతది మేడం, చదువుకేం ఢోకా లేదు. పాడుతలేదు. చర్చిల పాస్టరయ్య పిలిచిండు, గొంతు నొస్తుందన్నది. మా అమ్మ అడిగినా గంతే. ఎవరన్న ఫోన్ చేతిల పట్టుకుంటె సాలు, ఇంట్లకు పోతది."

ఏదో ఒకటి అనాలని వెతుక్కున్నాను. కొన్నాళ్లు పోతే మళ్లీ పాడుతుందిలే అక్కా అన్నాను. ఆమె నా వైపు చూసి, ఏమో మేడం అంది. బస్సు రాగానే ఎక్కి వెళ్లిపోయింది.