అన్న మీద పడ్డ గోలు

మొన్న ఆదివారం మా మనవరాలు టీవీలో ఫుట్‌బాల్ చూస్తుంటే నేనూ పక్కన కూర్చున్నాను. ఒక ఆటగాడి కాలికి తగిలి దారి మళ్లిన బంతి తన సొంత గోల్‌లోకే పోయింది. దాన్నే నాలుగు వైపుల నుంచి నెమ్మదిగా తిప్పి తిప్పి చూపించి, కీపర్ తప్పేమీ లేదని తేల్చేశారు. నేను లేచి వంటింట్లోకి పోయి, పనేమీ లేకున్నా నల్లా తిప్పుకొని నిలబడ్డాను.

మా వరంగల్‌లో బట్టల మిల్లు నడిచిన రోజులు నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటాయి. సాయంత్రం షిఫ్టు కూత వినబడితే సగం పేట మైదానం వైపే నడిచేది. మా అన్న మిల్లు జట్టుకు గోల్‌కీపర్. నాతో అప్పటికే పెళ్లి ఖాయమైన మా మేనబావ అదే జట్టులో వెనక వరుసలో ఆడేవాడు. ఇద్దరివీ పిలిస్తేనే పని దొరికే కొలువులు. ఆ ఏడు మిల్లు జట్ల పోటీలో ఫైనల్ గెలిస్తే అలాంటివాళ్లందరినీ పర్మినెంటు చేస్తామని ఆఫీసరు మాట ఇచ్చాడు, ఆ ధీమాతోనే అమ్మ అన్నకు సంబంధం కూడా చూసిపెట్టింది.

ఆ ఆటను ఇన్నేళ్లలో ఎన్నిసార్లు మనసులో ఆడించుకున్నానో. మొదటి సగంలోనే మనవాళ్లు ఒక గోలు కొట్టి, దాన్ని కాపాడుకుంటే చాలని అందరూ వెనక్కి జరిగారు. అదే అసలు తప్పు. మైదానమంతా అవతలివాళ్లకు వదిలేసినట్టయింది, వాళ్లు సమం చేశారు. చివరి నిమిషాల్లో కుడివైపు వచ్చిన బంతికి అన్న సరిగ్గానే దూకాడు. ఆడవాళ్లం గోల్ వెనక గోడ దగ్గర నిలబడేవాళ్లం కనుక నాకు స్పష్టంగా కనిపించింది, బంతి బావ మడమకు తగిలి ఎడమకు మళ్లి గోల్‌లో పడింది. దూరంగా ఉన్న జనానికి మాత్రం బంతి ఒకవైపు పోతే కీపర్ ఇంకోవైపు దూకినట్టుంది.

“అమ్ముడువోయిండు!” అని ఎవరో అరిచారు, ఆ మాటే ఊరంతా పాకింది. బావ తల దించుకున్నాడే గాని నోరు విప్పలేదు. పెళ్లి ఏమవుతుందోనని నేనూ విప్పలేదు.

పర్మినెంటు ఎవరికీ కాలేదు. అన్నకు కుదిరిన సంబంధం తప్పిపోయింది, మిల్లు గేటు దగ్గర ఆయన్ను చూసి ఉమ్మేవాళ్లు. ఏటూరునాగారం అడవుల వైపు, బీడీలు చుట్టే తునికాకు కోసే పనికి పోయినవాడు జుట్టు నెరిశాకే తిరిగొచ్చాడు, ఒంటరిగానే. పెళ్లయిన కొత్తలో ఒకసారి బావను ఆ గోలు సంగతి అడిగితే అన్నం ముందు నుంచి లేచిపోయాడు. ఆయన కన్నుమూసేదాకా మళ్లీ అడగలేదు.

టీవీ చూసిన మర్నాడే ఆటో ఎక్కి, ఖిలా వరంగల్‌లో అన్న ఉంటున్న ఒంటిగదికి పోయాను.

“అన్నా, గా గోలు నీ తప్పు గాదు. మీ బావ మడిమెకు తాకి బంతి మలిగింది. నేను కండ్లార జూసిన.”

“గిప్పుడెందుకే గా ముచ్చట? నేనే లేటుగ దుంకిన.”

“నిజమన్నా. పెండ్లి ఆగుతదని చెప్పలే.”

అన్న మోకాలు రుద్దుకుంటూ లేచి చాయ్ గ్లాసు నా ముందు పెట్టాడు. “పోయినోని మీద ఎయ్యకు చెల్లె,” అన్నాడు. “చాయ్ తాగు.”

ఒకప్పుడు ఆట ఓడితే, ఎవరెక్కడ నిలబడ్డారో నేల మీద సుద్దముక్కతో గీసి మూడు రోజులు వాదించిన మనిషి. ఇప్పుడు మిల్లు లేదు, మైదానంలో ఇళ్లు లేచాయి, ఆనాడు అరిచినవాళ్లూ ఒక్కొక్కరే వెళ్లిపోయారు. నా మాట వినవలసినవాడు ఒక్కడే మిగిలాడు, ఆయనకు వాదించే ఓపిక కూడా లేదు.