సెట్టరు ఇంటి కాఫీ

వాలీబాల్ లీగులో ఒక జట్టుకు కొత్త ఆటగాళ్ళను వెతికే స్కౌటుగా పనిచేసిన చివరి ఏళ్ళలో, ఒక జనవరి నెలాఖరున నన్ను కోయంబత్తూరు పంపారు. ఫిబ్రవరి చివర ఆటగాళ్ళ వేలం. మా జట్టు సెట్టరుకు మోకాలి ఆపరేషన్ అయింది. అతనికి తోడుగా ఉంచుకోవడానికి పనికొస్తాడేమో, ఒక కాలేజీ కుర్రవాణ్ణి చూసి రమ్మన్నారు. స్కౌటు అనగానే జనం ఏదో పెద్ద హోదా అనుకుంటారు. చీఫ్ కోచ్ కింద అసిస్టెంట్ కోచ్‌లు, వాళ్ళ కింద కంప్యూటర్ ముందు కూర్చుని వీడియోలు కోసే పిల్లలు, వాళ్ళందరి కిందా స్కౌటు. జట్టులో అందరికన్నా ఎక్కువ బస్సులెక్కేదీ, అందరికన్నా తక్కువ మాట్లాడేదీ అతనే.

వాలీబాల్‌లో ఒక జట్టు బంతిని మూడుసార్లు తాకవచ్చు. మొదటిది కాచుకోవడానికి, మూడోది కొట్టడానికి. నడిమిది సెట్టరుది. ఎవరు కొట్టాలో, ఎక్కడినుంచి కొట్టాలో బంతి గాలిలో ఉండగానే తేల్చేది అతనే. కొట్టినవాడి ఫోటో పేపర్లో పడుతుంది, సెట్టరు పేరు అచ్చులో కూడా ఉండదు. అందుకే సెట్టరును చూడడం కష్టం. చేతులు అందరికీ కనిపిస్తాయి, తల లోపల జరిగేది కనిపించదు.

మా పనిలో మొదటి నియమం చప్పట్లు కొట్టకూడదని. మిగతా జట్ల స్కౌట్లు కూడా అదే గ్యాలరీలో ఉంటారు, ఎవరికి ఎవరు నచ్చారో చూపుల్లోనే పసిగడతారు. అందుకని అందరికీ దూరంగా, పైమెట్టు మీద, ముఖం గోడలా పెట్టుకుని కూర్చోవాలి. ఆటగాళ్ళ తల్లిదండ్రుల పక్కన కూర్చోకూడదు. సాయంత్రం లాడ్జికి పోయి, కింద మెస్సులో ఒక్కడినే తిని, గదిలో టీవీ పెట్టుకుని పడుకోవాలి. అలా చాలా ఊళ్ళు తిరిగాను. ఒంటరితనం అలవాటైపోతుందని కొందరంటారు. నాకు కాలేదు.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. నేను పుట్టింది మదురైలో. మా పెద్దలు ఎప్పుడో తెలుగు నేల వదిలి అక్కడ పొలాలు కొని స్థిరపడ్డవాళ్ళు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు చదవడం, రాయడం హైదరాబాదులో ఉద్యోగం వచ్చాక నేర్చుకున్నాను. అక్కడ నేను నోరు తెరిస్తే, "సార్, మీది ఏ ఊరి తెలుగు?" అని నవ్వేవారు. కొన్నాళ్ళకు పేపరు తెలుగు పట్టుబడింది, ఇంటి తెలుగు లోపలికి పోయి కూర్చుంది. దాన్ని మాట్లాడడానికి ఇంట్లో కూడా మనుషులు లేకుండా పోయారు.

ఆ మొదటిరోజు మ్యాచ్‌లో ఎదురు జట్టు నాగర్‌కోయిల్ వైపు నుంచి వచ్చింది. మా కుర్రవాడి పేరు రఘుపతి, చివరి సంవత్సరం విద్యార్థి. సెట్టరుకు ఉండాల్సిన ఎత్తు లేదు. పక్క జట్ల స్కౌట్లు ఇద్దరు అతని ఎత్తు చూసి, ఒక సెట్ అయ్యేసరికి లేచి టీ తాగడానికి వెళ్ళిపోయారు. నేనూ లేవబోతున్నాను. అప్పుడు రఘుపతి గొంతు వినిపించింది.

"పొట్టోడి మీందకి పోతాది, రెడీగా ఉండుండా!"

బంతిని అవతలి పొట్టివాడి తల మీదుగా పంపుతాడట. తెలుగు. అదీ మా వైపు తెలుగు. రఘుపతి జట్టులో కొట్టేవాళ్ళిద్దరు అతను ఉండే కాలనీ వాళ్ళేనని తర్వాత తెలిసింది. ముగ్గురూ ఆటంతా ఇంటి భాషలోనే మాట్లాడుకుంటున్నారు. అవతలివాళ్ళకు అక్షరం అర్థం కావడం లేదు. కింద కూర్చున్నవాళ్ళకు అది ఉత్త అరుపు. నాకు మాత్రం ప్రతి మాటా తెలుస్తోంది. అవతల కడపట నిలబడ్డవాడు అలిసిపోయాడని, నడిమివాడు ముందే ఎగురుతున్నాడని, వాణ్ణి ఎగరనిచ్చి అవతలికి పంపుదామని, బంతి తన దగ్గరికి రాకముందే రఘుపతి చెబుతున్నాడు. చెప్పినట్టే జరుగుతోంది. నెట్ దగ్గర చేతులెత్తి అడ్డుకునే అవతలి గోడను అంత ముందుగా చదవగలిగిన సెట్టర్లను నా సర్వీసులో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. చప్పట్లు కొట్టాలనిపించింది. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

ఆ రోజు నా ఆనందం ఆట చూసి ఎంతో, ఆ భాష విని అంత. దిగిపోయి "తంబీ, నేనూ మనోణ్ణే" అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. అనకూడదు.

రెండో పని, తెలియనివాళ్ళతో ఆడించి చూడడం. భాష బలం తీసేస్తే ఏం మిగులుతుందో తెలియాలి కదా. మర్నాడు కాలేజీ కోచ్‌తో చెప్పి వేరే వేరే ఊళ్ళ పిల్లలను కలిపి ప్రాక్టీసు మ్యాచ్ పెట్టించాను. మొదట్లో రఘుపతి తడబడ్డాడు. పక్కన తనవాళ్ళు లేని మనిషి మెడ ఎలా బిగుసుకుంటుందో అలా ఉంది అతని మెడ. కానీ రెండో సెట్‌కు తమిళంలో, వేలి సైగలతో పని మొదలుపెట్టాడు. మాట మారింది, చూపు మారలేదు. నాకు అదే కావాల్సింది. ఎత్తు తక్కువ, అయినా తీసుకోవాలి అని అప్పుడే మనసులో రాసుకున్నాను.

మూడోది ఇంటి విచారణ. పాత దెబ్బలేమైనా ఉన్నాయా, ఇంట్లో నిర్ణయం ఎవరిది, కుర్రవాడు ఆరునెలలు ఊరు వదిలి ఉండగలడా, ఇలాంటివి అడిగి రావాలి. దీనికి ఒక గట్టి నియమం ఉంది. వేలం ముగిసేదాకా ఆటగాడి ఇంట్లో స్కౌటు ఏమీ పుచ్చుకోకూడదు. పండూ ఫలమే కాదు, మంచినీళ్ళు కూడా. పూర్వం ఎవరో స్కౌటు విందులు తిని రిపోర్టులు రాశాడట, అప్పటినుంచి వచ్చిన రూలు. ఒకవేళ ఏదైనా పుచ్చుకుంటే అది రాసి ఇవ్వాలి. అప్పుడు ఆ స్కౌటు రిపోర్టు పక్కన పెట్టి ఇంకొకరిని పంపుతారు. ఆ ఇంకొకరు వచ్చి టేపు పట్టి ఎత్తు చూస్తారు, రఘుపతి కథ అక్కడితో సరి. ఆ అరుపుల్లో ఆ యాసను పట్టుకోగల స్కౌటు మా లీగులో నేను తప్ప లేడు.

సింగానల్లూరుకు టౌన్ బస్సులో వెళ్ళాను. చిన్న చిన్న వర్క్‌షాపులు దాటాక, వెనక వీధిలో పారిశుధ్య కార్మికుల కాలనీ. అక్కడ అందరూ తెలుగువాళ్ళే. వీధిలో అడుగుపెట్టగానే పంపు దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు బిందె వంతు గురించి నా చిన్ననాటి మాటలతో పోట్లాడుకుంటున్నారు. కాసేపు నిలబడి ఆ తిట్లు వింటూ ఉండిపోయాను.

రఘుపతికి తండ్రి లేడు. తల్లి సరోజ నగరపాలికలో ఊడ్చే పని చేస్తుంది. యూనిఫారం మీద వేసుకునే ఆకుపచ్చ కోటు తలుపు వెనక తగిలించి ఉంది. ఆమె తమిళంలో రమ్మంది. నేను తెలుగులో బదులిచ్చాను. ఆమె ముఖం వికసించింది.

"అయ్యో, మన మాట తానా మీది! కూసో అన్నా, కూసో. బిడ్డ చెప్పనేలేదే."

బిడ్డకూ తెలియదన్నాను. రఘుపతి గోడకు ఆనుకుని నవ్వుతున్నాడు. చాలా ఏళ్ళ తర్వాత నన్నెవరో నా తెలుగులో అన్నా అన్నారు. అడగాల్సినవి అడిగాను. దెబ్బలేమీ లేవు. నిర్ణయం తల్లిదే. ఆమె తమ్ముడు సూపర్‌వైజరుతో చెప్పి, రఘుపతికి చెత్త లారీ మీద క్లీనరు పని సిద్ధం చేసి పెట్టాడు. పరీక్షలవగానే చేరాలి. "ఇది కుదిరితే అది వద్దు అన్నా. నా చేతిలో ఉండేది వీడి చేతికి రాకూడదు. అంతే నాకు," అంది. ఆ మాటను రిపోర్టులో 'కుటుంబ సమ్మతి ఉంది' అని రాశాను. అంతకంటే రాయడానికి ఆ కాగితంలో చోటు లేదు.

తర్వాత ఆమె మాది ఏ ఊరని అడిగింది. మదురై అన్నాను. మదురైలో ఏ వీధి అంది. మావైపు ఊరి పేరు చెప్పాక వీధి పేరు అడిగితే అది అడ్రసు కోసం కాదు. తెలిసే చెప్పాను. ఆమె ఒక్క క్షణం ఆగి, సరే అన్నట్టు తలాడించి, పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

మా అవ్వ వీధి ఊడ్చేవాళ్ళకు నీళ్ళు పైనుంచి వంచి పోయడం నేను చూశాను. వాళ్ళు దోసిలి పట్టేవాళ్ళు. వాళ్ళు నీళ్ళడిగిందీ, ఆమె బదులిచ్చిందీ ఒకే భాషలో. ఆ వీధి పేరు చెప్పినవాడికి ఈమె ఇప్పుడు కాఫీ కలుపుతోంది. వద్దని అప్పుడే అనాల్సింది అని మీరనవచ్చు. అన్నాను. మొహమాటం అనుకుని ఆమె ఆగలేదు.

కాఫీ వచ్చింది. స్టీలు గ్లాసు, అడుగున కంపెనీ స్టిక్కరు ఇంకా సగం ఊడలేదు. రఘుపతి ముఖంలో నవ్వు అలాగే ఉంది. తాగితే నా రిపోర్టు చెల్లదు. తాగి దాచిపెడితే, ఆ కుర్రవాడి ఎంపికను ఎవరో వేలెత్తి చూపించే రోజొకటి వస్తుంది. చేతులు జోడించి, మా ఉద్యోగంలో వేలం అయ్యేదాకా ఏమీ పుచ్చుకోకూడదని రూలుందమ్మా, అన్నాను. నా చెవికే ఆ మాట అబద్ధంలా వినిపించింది.

ఆమె గ్లాసు వెనక్కి తీసుకోలేదు.

"కొత్త గ్లాసే సామీ. ఎవురూ తాగలేదు."

అన్నా పోయి సామీ వచ్చింది. అది కాదమ్మా, నిజంగానే రూలు, అని మళ్ళీ చెప్పాను. ఆమెకు కోపం రాలేదు. వచ్చి ఉంటే నాకు సులువయ్యేది.

"అందురికీ ఒక రూలు ఉంటాది సామీ. పరవాలేదు," అని గ్లాసు కొడుకు చేతికిచ్చింది. రఘుపతి దాన్ని నిలబడే, నా వైపు చూడకుండా తాగాడు.

ఆ రాత్రి లాడ్జిలో రిపోర్టు రాశాను. అంత జాగ్రత్తగా నేను ఎప్పుడూ రాయలేదు. అతను పలికిన ఒక్కొక్క మాటకూ అర్థం రాసి, ఆ తర్వాత బంతి ఎటు పోయిందో పక్కన చూపించాను. 'ఆతిథ్యం స్వీకరించారా' అన్నచోట 'లేదు' అని పెట్టాను. చీఫ్ కోచ్ ఎత్తు గురించి ఫోన్లో వాదించాడు, నేను తగ్గలేదు. వేలంలో రఘుపతి పేరు చివర్లో వచ్చింది. వేరే ఎవరూ చెయ్యి ఎత్తలేదు. మా జట్టు తీసుకుంది.

మార్చిలో కాంట్రాక్టు కాగితాల మీద సంతకాలకు మళ్ళీ సింగానల్లూరు వెళ్ళింది నేనే. వేరే ఎవరినైనా పంపమనవచ్చు, నేనే అడిగి వెళ్ళాను. సంతకాలయ్యాయి. సరోజ కళ్ళు తుడుచుకుంది, నాకు దండం పెట్టింది, సార్ అని పిలిచింది. ఇక ఏ రూలూ లేదు. నా జీవితంలో ఒకరి ఇంట్లో నోరు విడిచి అడిగింది అప్పుడే. "అమ్మా, వేలం అయిపోయింది. ఇప్పుడు కాఫీ తాగుతాను, ఇవ్వండి," అన్నాను.

ఆమె కొడుకు వైపు చూసింది. అతను బయటికి పోయి కూల్‌డ్రింకు సీసా ఒకటి తెచ్చాడు. ఆమె దాన్ని పమిటతో తుడిచి నా ముందు పెట్టింది.

"షాపుది సార్. మూత తియ్యలేదు."

నాకు కాఫీయే కావాలన్నాను. పాలు లేవంది. పొయ్యి మీద పాలగిన్నె నేను కూర్చున్నచోటికి కనిపిస్తూనే ఉంది. నన్ను ఇంకోసారి ఇబ్బంది పెట్టకూడదని ఆమె పడుతున్న తాపత్రయం అది. మూత తీసి ఆ తియ్యటి నీళ్ళన్నీ తాగాను.

బస్‌స్టాపు దాకా రఘుపతి వచ్చాడు. బస్సు కనిపించాక, "మీ రూలు నిజమేనని మా కోచ్ చెప్పినారు సార్. అమ్మకి చెప్తిని," అన్నాడు. మరి ఆమె ఏమందని అడిగాను. "నమ్మలేదు సార్. నువ్వు చిన్నోడివి, నీకు తెలీదు అనింది."

రఘుపతి మూడు సీజన్లు మాకు ఆడాడు. ఇప్పుడు వేరే జట్టుకు ఆడుతున్నాడు. కనిపిస్తే నమస్కారం పెడతాడు, తమిళంలో మాట్లాడతాడు.

ఆ రూలు తప్పని నేను ఈనాటికీ అనను. అది లేకపోతే నా రిపోర్టును ఎవరూ నమ్మేవారు కాదు, ఎత్తు తక్కువ సెట్టరుకు న్యాయం జరిగేది కాదు. మళ్ళీ ఆ గ్లాసు ముందు పెడితే మళ్ళీ అదే చేస్తాను. అయితే ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను ఏ ఆటగాడి ఇంటికీ వెళ్ళలేదు. కుటుంబాలను గ్రౌండులోనే కలిశాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నన్ను సలహా అడిగితే ఒక్కటే చెబుతాను. రూలు ఫోన్లోనే చెప్పండి, బయలుదేరకముందే. కాఫీ కలిపాక చెప్పే రూలును ఎవరూ నమ్మరు, నమ్మాల్సిన అవసరం కూడా వాళ్ళకు లేదు.