గాలపు కర్రకు వైటూకే మరమ్మతు

ఒక పెద్దాయన ప్రాణంగా దాచుకున్న వస్తువును నేను ఒక్క సాయంత్రంలో ఎలా తగలేశానో చెబుతాను. తిట్టుకోండి, పర్వాలేదు. నా వాదన కూడా వినండి, అంతే.

అప్పట్లో పరదేశంలో, పారమట్టా అనే ఊళ్లో వైటూకే ప్రోగ్రామర్ని. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరం రెండంకెల్లోనే ఉండేది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తికమకపడతాయని లోకమంతా భయం. రెండంకెల్ని నాలుగు చేయడమే నా ఉద్యోగం. కలలో కూడా అదే చేసేవాణ్ణి.

ఇంటి ఓనరు రాన్ ఒకరోజు సన్నటి వెదురు గాలపు కర్ర తెచ్చాడు. వాళ్ల నాన్న స్వయంగా చేసింది.

"శనివారం ఫిషింగ్ క్లబ్బు నిపుణుడు వస్తున్నాడు. నచ్చితే నాన్న పేరుతో అద్దాల బీరువాలో పెడతారు. మా షెడ్డు కురుస్తోంది, అప్పటిదాకా నీ గదిలో జాగ్రత్తగా చూసుకో, మేట్."

ఒకరి వస్తువు చేతికొస్తే తోమి తళతళలాడించి తిరిగివ్వడమే జాగ్రత్త అని మా ఇంట్లో నేర్పారు. వార్నిషేమో పచ్చబడి పెచ్చులూడుతోంది. గరుకు కాగితంతో గీకేసి కొత్తది పూద్దామని కూర్చున్నాను. పిడికి పైన సిరాతో రాన్ తండ్రి పేరు, పక్కన సంవత్సరం. రెండే అంకెలు! ఇక నా చేతులు ఆగుతాయా?

నా రూమ్మేటు, హైదరాబాద్ ఖాదర్ భాయ్ తొంగిచూశాడు.

"ఏం జేస్తున్నవ్ భాయ్?"

"డేట్ ఫిక్స్ చేస్తున్నా. ముందు పందొమ్మిది లేదు."

"గాలం కర్రల కంప్యూటర్ ఉంటదా?"

"లేకపోతే? తప్పు తప్పే కదా."

"రాన్ అంకుల్‌ని అడిగినవా?"

"బగ్ కనపడ్డాక కూడా పర్మిషనా?"

నల్ల మార్కరుతో గుండ్రంగా రాశాను. పైన రెండు పూతల వార్నిషు.

శనివారం నిపుణుడు భూతద్దం పెట్టాడు. "పాత వార్నిషు ఎవరు తీశారు?"

గర్వంగా చెయ్యెత్తాను.

"ఈ పందొమ్మిది?"

ఎత్తిన చెయ్యి ఇంకా దించలేదు.

"పాత వార్నిషు, చెయ్యిపెట్టని రాత, వీటిలోనే దీని విలువంతా ఉండేది. ఇక బీరువాలో పెట్టలేం" అని ఆయన వెళ్లిపోయాడు. రాన్ కర్ర తీసుకుని లోపలికి నడిచాడు. అప్పుడు మాత్రం సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు పొద్దున్నే తలుపు తట్టాడు. "బూట్లేసుకో. పాడవుతుందని నాన్న పోయాక దీన్ని నీళ్ల దగ్గరికే తీసుకెళ్లలేదు. ఇక పాడవడానికేముంది?"

ఏటి ఒడ్డున కర్ర విల్లులా వంగింది. చేప పడింది. రాన్ కళ్లు తుడుచుకుని, కర్ర మీద రాత చూసి అన్నాడు.

"నువ్వు గీకిన గీకుడికి నాన్న పేరు సగమే మిగిలింది. నీ పందొమ్మిది మాత్రం అవతలి ఒడ్డుకి కనిపిస్తోంది."

కనిపించాలి మరి. రెండువేల సంవత్సరం వచ్చింది, ఆ కర్ర ఒక్కరోజు కూడా ఆగలేదు. నా పనిలో తప్పెక్కడుందో ఎవరైనా చూపించండి.

అయినా చేప సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరి పాత వస్తువునూ దిద్దను. దిద్దక తప్పకపోతే, పెన్సిలుతో దిద్దుతాను.