పడుగు కింద కుంపటి

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ కిటికీ పక్కన వద్దు, జల్లు కొడుతోంది. కరెంటు ఉండగానే మొదలుపెడతాను. మధ్యలో పోయినా ఫర్వాలేదు, వినడానికి దీపం అక్కర్లేదుగా.

పొద్దున్నుంచీ మా పటమట అపార్టుమెంటులో ఒకటే హడావిడి. తుఫాను తీరం దాటబోతోందని అందరి ఫోన్లూ ఒక్కసారే కూశాయి. ఇక చూడండి, ఏ ఇంట్లో విన్నా మిక్సీ మోతే. కరెంటు పోతే రుబ్బుకోలేమని దోసెల పిండి కొందరు, కొబ్బరి పచ్చడి కొందరు. ఎదురింటావిడ ఎందుకైనా మంచిదని సంక్రాంతి దాకా సరిపోయేంత అల్లం వెల్లుల్లి ముద్ద చేసి పెట్టింది. మా కోడలు బిందెలు, బకెట్లు, ఆఖరికి కుక్కరు కూడా వదలకుండా నీళ్ళు పట్టింది. ఫోన్లకీ, ఆ ఫోన్లకి ప్రాణం పోసే డబ్బాలకీ ఛార్జింగు పెట్టింది. అన్నీ అయ్యాక నడుం మీద చెయ్యి వేసుకుని, "ఇంకేమన్నా మర్చిపోయానా అత్తయ్యా?" అంది. "బొగ్గులు" అన్నాను. నోటికి అదే వచ్చింది. "మూడో అంతస్తులో బొగ్గులేం చేసుకుంటామండీ, గ్యాసు బండ నిండుగా ఉందిగా" అని నవ్వింది. నిజమే. నేనూ నవ్వాను. కానీ తుఫానంటే నాకు గాలీ వానా కంటే ముందు బొగ్గులే గుర్తొస్తాయి. అది మా అత్తగారి వల్ల.

నేను మంగళగిరి కాపురానికి వెళ్ళిన కొత్త. మా ఆయన బెజవాడలో ఒక బట్టల కొట్లో పనిచేసేవారు. ఇంట్లో మామగారిది నేత. ముందు గదంతా గుంట మగ్గమే. ఎరగనివాళ్ళ కోసం చెబుతున్నాను, నేలలో గొయ్యి తీసి ఉంటుంది, నేసే మనిషి దాని గట్టు మీద కూర్చుని కాళ్ళు గోతిలోకి వదిలి, కింద చెక్కలు తొక్కుతూ నేస్తాడు. పొద్దున కూర్చుంటే పొద్దు వాలేదాకా మా మామగారు నడుం పైదాకే కనిపించేవారు. "మీ మామగారు పుట్టలేదమ్మా, మొలిచారు" అనేవారు అత్తగారు. ఆయనకి వినపడాలనే అనేవారు. ఆయన వినపడనట్టు అడ్డపోగు మోసే నాడె అటూ ఇటూ విసిరేవారు. వాళ్ళ సంసారంలో మాటలు చాలావరకు అలాగే సాగేవి.

ఆ ఏడు మా ఆడపడుచు కూచిపూడి దగ్గర అత్తవారింటి నుంచి ఏడో నెలలో పుట్టింటికి వచ్చింది. శ్రీమంతానికి ముహూర్తం పెట్టారు. అప్పుడు మామగారు ఒక మాట అన్నారు. చీర కొనడం కాదు, తానే నేస్తానన్నారు. ఇందులో వింతేముంది అనుకుంటారేమో. నేత ఇంట్లో నేసిన చీర ఇంట్లో ఉండదు. అంచు సరిచూసి మడత పెట్టడంతోనే షావుకారు గుమ్మం చేరుతుంది. మా అత్తగారు ఆయన్ని కట్టుకున్నప్పటి నుంచీ మిల్లు చీరలే కట్టారు, ఆ సంగతి పండగ పండగకీ ఆయనకి గుర్తుచేసేవారు కూడా. కూతురి పెళ్ళికీ కొన్న చీరే. అందుకని ఈసారి సొంత నూలు తెచ్చి, మామిడి చిగురు రంగు వేయించి, సన్న జరీ అంచుతో ఒక్క చీరకి సరిపడా పడుగు, అంటే నిలువు పోగులు, మగ్గానికి ఎక్కించారు. సగం అయిందో లేదో, రేడియోలో తుఫాను కబురు చెప్పారు.

మా అత్తగారు యుద్ధానికి బయలుదేరినట్టు కొంగు బిగించారు. మునగచెట్టు కొమ్మలు పెంకుల మీద పడకుండా కొట్టించారు. అగ్గిపెట్టెలు బియ్యం డబ్బాలో పాతిపెట్టారు. బియ్యంలో పెడితే చెమ్మ తగలదుట. లాంతరు చిమ్నీ నా చేత ముగ్గుపొడితో తోమించి, ఎండకి పట్టి చూసి, మళ్ళీ తోమించారు. కందిపొడి కొట్టించారు, అటుకులు తెప్పించారు. అన్నిటికంటే మించి ఒక బొగ్గుల బస్తా. వానకి పుల్లలు తడిసిపోతాయి, వాకిట్లో పొయ్యి వెలగదు, వట్టిమనిషి కాని పిల్ల ఉన్న ఇంట్లో వేడన్నం లేకపోతే ఎలా అని ఆ బస్తా అటక ఎక్కించారు. ఇస్త్రీకి రెండు బొగ్గులు అడిగితే నా మీద కళ్ళెర్రజేశారు. "ముడతల చొక్కాతో వెళ్తే మీ ఆయన్ని కొట్లోంచి గెంటెయ్యరులే. గంజి లేకపోతే నీ ఆడపడుచు ఉంటుందా?" మామగారు టీ వెచ్చబెట్టమన్నా అదే జవాబు. "నోట్లో పోసుకోండి, అదే వెచ్చబడుతుంది."

మర్నాడు ముసురు పట్టింది. బెజవాడ బస్సులు ఆగిపోయి మా ఆయన కొట్లోనే చిక్కుకున్నారు. కరెంటు పోయింది. అది మాకు పెద్ద లెక్క కాదు, మగ్గానికి కరెంటుతో పనేముంది. పని పట్టింది తేమ. గంజి పట్టించిన పడుగు చెమ్మ గాలి తగిలితే మెత్తబడి, దారానికి దారం అంటుకుపోతుంది. నేస్తుంటే పుటుక్కున తెగుతుంది. మామగారు ఒక పోగు అతికే లోపల ఇంకోటి తెగుతోంది. తుఫాను వెళ్ళాక నేద్దామంటే, ఈలోగా గుంటలో నీరు ఊరితే ఆరడానికి నెల పడుతుంది, ముహూర్తం ఆగదు. ఆయన నాడె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నాడె చప్పుడు ఆగేసరికి మా ఆడపడుచు వంటింట్లోంచి లేచి వచ్చి చూసింది. "నాన్నా, పాత చీర కట్టుకుంటాలే" అంది.

అప్పుడు మా అత్తగారు నిచ్చెన వేసి అటక ఎక్కారు. బస్తా కిందికి లాగారు. కుంపటి రాజేసి నా చేతికిచ్చి, "పడుగు కింద పెట్టు. మరీ దగ్గరగా వద్దు, మరీ దూరం వద్దు. ఆ చివర నుంచి ఈ చివరకి జరుపుతూ ఉండు. నిప్పురవ్వ ఎగిరిందో, నీ పని చెప్తా" అన్నారు. నేను వంగి నడుస్తూ విసనకర్రతో విసురుతూ కుంపటి జరిపాను. కళ్ళమ్మట నీళ్ళు, ముక్కు నిండా పొగ. కాసేపటికి దారాలు బిగిశాయి. నాడె చప్పుడు మళ్ళీ మొదలైంది. ఆ పూట మేం అటుకులు మజ్జిగలో నానబెట్టుకుని తిన్నాం. తింటూ మామగారు రెండు మూడుసార్లు అత్తగారి వైపు చూశారు.

మధ్యాహ్నానికి గాలి పెంకులు పీకడం మొదలుపెట్టింది. గుమ్మంలోంచి నీళ్ళు రాకుండా అత్తగారు ఇసక మూటలు వేయించారు. నీళ్ళు గుమ్మంలోంచి రాలేదు. గుంటలో అడుగు నుంచి ఊరాయి. ముందు నేనే చూశాను, మామగారి పాదాలు మునిగి ఉన్నాయి, అయినా తొక్కుతూనే ఉన్నారు. ఆయనకి అసలే చలి పడదు, ప్రతి ముసురుకీ ఆయాసం వస్తుంది. పిలిచి అత్తగారికి చూపించాను.

"ఇక చాలు, కొయ్యండి" అన్నారావిడ.

"ఇంకా మూరన్నర ఉంది."

"పొట్టి చీరైతే పిల్ల ఎలాగో కట్టుకుంటుంది. మీరు మంచం పడితే మిమ్మల్ని ఎవరు కట్టుకుంటారు?"

"నీ బొగ్గులన్నీ తగలేసుకుని సగం చీర ఇవ్వనా?" అన్నారాయన. నీళ్ళు పిక్కల దాకా వచ్చాయి.

అత్తగారు నా వైపు తిరిగారు. "కుంపటి తీసెయ్యమ్మా." మామగారు, "ఉంచమ్మాయ్" అన్నారు. ఇద్దరూ నన్నే చూస్తున్నారు. కొత్త కోడలికి అంతకంటే ఇరకాటం ఉండదు. ఒకరి మాట వింటే రెండోవారి మాట కాదన్నట్టే. నేను మళ్ళీ ఆ నీళ్ళలోకి చూశాను. లాంతరు వెలుగులో ఆయన పాదాలు నానిపోయి, ఎవరివో పాదాల్లా తెల్లగా ఉన్నాయి. కుంపటి ఎత్తి పక్కకి తెచ్చేశాను.

ఆయన ఇంకో నాలుగు పోగులు నేసి ఆపారు. కత్తెర తీసుకుని తనే కోశారు. "చీర కాదిది, చీరకి తమ్ముడు" అన్నారు. మేం ఆయన రెక్క పట్టి గోతిలోంచి పైకి లాగాం. నేను కుంపటి వంటింట్లోకి పట్టుకెళ్తుంటే అత్తగారు ఆపారు. "అటెక్కడికి? ఆయన కాళ్ళ దగ్గర పెట్టు." తర్వాత ఆవిడే చాప వేసుకుని ఎదురుగా కూర్చుని, కొంగుతో ఆ పాదాలు తుడిచి, అరచేతులు నిప్పు మీద కాచి అద్దుతూ ఉన్నారు. తిడుతూనే ఉన్నారు కూడా. "మొలిచిన మనిషికి నీళ్ళెక్కువైతే వేరు కుళ్ళదా?" ఆయన ఈసారి వినపడనట్టు ఊరుకోలేదు. నవ్వారు.

మిగిలిన నిప్పుల మీద గంజి కాచి తాగాం. ఆయనకి ఆయాసం వచ్చింది గానీ మూడు పూటలకి తగ్గింది. శ్రీమంతం నాడు మా ఆడపడుచు ఆ చీరే కట్టింది. పెరిగిన పొట్టకి చుట్టేసరికి ముందు కుచ్చిళ్ళకి గుడ్డ మిగల్లేదు. చూసినవాళ్ళు అడిగితే, "కుచ్చిళ్ళు గాలివానకి కొట్టుకుపోయాయి" అని చెప్పింది. పిల్ల పుట్టాక అదే ఉయ్యాల గుడ్డ అయింది. ఉయ్యాలకి మాత్రం సరిగ్గా సరిపోయింది.

ఇదంతా చెబుతుండగానే చూశారా, కరెంటు పోయింది. మిక్సీలన్నీ ఒక్కసారి నోరు మూశాయి. మా కోడలు ఛార్జింగు దీపం తెచ్చి బల్ల మీద పెట్టబోయి, ఏమనుకుందో, నా కాళ్ళు చూసి, ముందు దుప్పటి తెచ్చి కప్పింది. తుఫాన్లు వస్తాయి, పోతాయి, కాలం ఇళ్ళు మారుస్తుంది, దీపాలు మారుస్తుంది. వెచ్చదనం మాత్రం ఎప్పుడూ ఒక చెయ్యి నుంచి ఇంకో చేతికే అందుతూ వస్తోంది. మీ ఇంటి కప్పు గాలికి ఎగరకుండా, మీ పొయ్యిలో నిప్పు చల్లారకుండా, తడిసి వచ్చినవాళ్ళ కాళ్ళు తుడిచే చెయ్యి ఒకటి మీ ఇంట్లో ఎప్పుడూ ఉండుగాక.