నాగటి సాలు అన్నాను

ఒక అబద్ధం మోస్తున్నాను. ఏళ్లు గడిచాయి. పెళ్లిళ్లలో నవ్వుతూ, బడిలో పిల్లలకు పాఠం చెబుతూ కూడా దాన్ని మోస్తూనే ఉన్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనవసరం లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మొన్న మధ్యాహ్నం అన్నం డబ్బాలు విప్పుకుంటూ మా టీచర్లు కారుణ్య మరణం మీద వాదించుకున్నారు. నయం కాని రోగి ఇక వద్దంటే చట్టం ఒప్పుకోవాలా, వద్దా? ఒప్పుకుంటే ఇంట్లోవాళ్లే ముసలివాళ్లను వదిలించుకుంటారని ఒకామె గట్టిగా అంది. అందరూ తలూపారు. నేనూ ఊపాను. డబ్బాకు మూత పెట్టేశాను. పోనివ్వకుండా పట్టుకునేవాళ్లూ ఉంటారని, వాళ్లూ అబద్ధాలాడతారని చెప్పాల్సింది నేనే కదా?

మాది అచ్చంపేట దగ్గర ఊరు. మా నాన్నను బాపు అంటాం. జొన్న, ఆముదం వేసేవాడు. ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ వస్తే పాలమూరులో ఒక దవాఖానలో చేర్చాం. ఇక మందులు పనిచేయవని డాక్టర్ ముందే చెప్పారు. ఒక పొద్దున, కబురందిన అన్న ఇంకా దారిలోనే ఉన్నాడు. బాపు దగ్గర నేనొక్కదాన్నే. ఆయాసం బాగా పెరిగింది. గొంతులో గొట్టం వేసి మిషన్ మీద పెట్టమంటారా, లేక బాధ తెలియకుండా మందిచ్చి అలా ఉంచమంటారా అని డాక్టర్ అడిగారు. ఆయన కోస్తా వైపు మనిషి, నెమ్మదస్తుడు. నేను నోరు తెరిచేలోపు బాపు ముఖం మీది మాస్కు పక్కకు లాగాడు.

"సాలు బిడ్డా... ఇగ సాలు."

డాక్టర్ వంగి, "ఏమంటున్నారు? చాలంటున్నారా?" అని నన్ను అడిగారు.

"కాదు సార్. సాలు అంటే మా దిక్కు నాగటి సాలు. దున్నుతున్నట్టు కలవరిస్తున్నడు. గొట్టం వెయ్యుండ్రి సార్."

మా వైపు ఆ మాటకు 'ఇక చాలు' అనీ, నాగలి గీసిన గీత అనీ రెండర్థాలూ ఉన్నాయి. డాక్టర్ నమ్మారు. ఎందుకు నమ్మరు? కన్నబిడ్డను కదా.

గొట్టం వేశాక బాపుకు మాట లేదు. దాన్ని పీక్కోబోతే చేతులు మంచానికి కట్టారు. దానికీ సరే అన్నాను. బిడ్డ గట్టిది, తండ్రిని నిలబెట్టుకుంది అని చుట్టాలు మెచ్చుకున్నారు. నిలబెట్టానా? వారాల తరబడి ఆయన వీపు పుండ్లుపడింది. పక్క మార్చినప్పుడల్లా కళ్ల వెంట నీళ్లు కారేవి. నేను తుడిచేదాన్ని. తుడవడం కూడా సేవ అనుకున్నాను. చివరికి ఆ మంచం మీదే పోయాడు.

ప్రేమతో చేశానని చాన్నాళ్లు నాకు నేను చెప్పుకున్నాను. ప్రేమే అయితే ఆయన మాట ఆయనకు మిగల్చనా? అన్న రాకముందే బాపు పోతే, కూతురే గొట్టం వద్దని చంపుకుందని ఊళ్లో అంటారని భయపడ్డాను. అంతే. ఎవరూ ఇంకా అనని ఒక మాటకు జడిసి, సొంత తండ్రి అన్న మాటను మార్చేశాను, పైగా ఆ తర్వాత ఇన్నేళ్లూ అందరి మెప్పూ కిమ్మనకుండా పుచ్చుకున్నాను. అన్నకు చెప్పే ధైర్యం లేదు. క్షమించాల్సిన మనిషి లేడు. మీరు క్షమించినా అది నాకు చెల్లదు.

ఇంకొకటి ఉంది. దీన్ని నాలో నేను కూడా ఎన్నడూ అనుకోలేదు. బాపు కలవరించడం లేదు. పూర్తి తెలివితో ఉన్నాడు. నేను డాక్టర్‌తో అన్న ప్రతి మాటా విన్నాడు. నా వైపు ఒకసారి చూసి, గోడ వైపు తిరిగాడు.

ఇప్పుడు ఇది మీకూ తెలుసు. నాకు దక్కే తెరిపి ఇంతే.