ఎనిమిదో లైను

నా చిన్నప్పుడు బెల్లంపల్లిలో మేముండే చోటును అందరూ లైన్లనే అనేవారు. బొగ్గుబాయి కార్మికుల ఇళ్లు ఒకదాని గోడ ఇంకొకదానికి ఆనుకుని వరసగా ఉండేవి కదా, అందుకని. నేను మూడో లైను పిల్లను. నోరు పెద్దది, చదువు మాత్రం అంతంతే.

ఆరో తరగతిలోకి వచ్చాక ఇంగ్లీషు నాకు కొరకరాని కొయ్య అయింది. ఒక శనివారం ఇంగ్లీషు సారు, లైను అనే మాటను ఎనిమిది రకాలుగా వాడి వాక్యాలు రాసుకురమ్మన్నారు. రాయనివాళ్లను మళ్లీ అయిదులో కూర్చోబెడతానని నన్నే చూస్తూ చెప్పారు. ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే మా అవ్వ అంతకు మించి అంది. "అయిదుల కూసుంటే ఇగ బడి బంద్. నాతోని బీడీలు చేద్దువుగని." నాకు ఏడుపొచ్చేసింది. పుస్తకంలో గీత, రైలు పట్టాలు, ఆ రెండే తెలుసు నాకు.

మా తాతకు అక్షరం ముక్క రాదు. అయితే బాయిలో బొగ్గు డబ్బాలు నడిచే పట్టాలు వేసి వేసి ముసలివాడయ్యాడు. లైను అన్న మాట ఎన్నో ఏళ్లుగా ఆయన నోట్లో నలిగినదే. "గింత దానికి పరేషాన్ ఎందుకే? నడు, ఊరంత లైన్లే," అని ఆదివారం పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని బయలుదేరాడు.

పోతూ పోతూ నల్లా దగ్గర మా రాయి పెట్టాడు. సాయంత్రం నాలుగింటికి గంటసేపే నీళ్లు వచ్చేవి. పొద్దున్నే ఇంటికో రాయి వరసలో పెట్టేసి ఎవరి పనికి వాళ్లు పోవడం మా దగ్గర అలవాటు. సున్నం బొట్టు పెట్టిన మా రాయి, కొసింటి ముసలమ్మ రాయి వెనకాల పడింది.

మా ఇళ్ల వరసతో మూడో వాక్యం దొరికింది. కరెంటు తీగ ఒకటి, గోడ కడుతున్న మేస్త్రీ బిగించిన దారం ఒకటి. పోస్టాఫీసులో ఒకాయన టెలిఫోను చెవికి పెట్టుకుని లైను దొరకడం లేదని మొత్తుకుంటుంటే అదీ రాసుకున్నాను. ఈమధ్యే తాగుడు మానేసిన మా చిన్నాయన ఎదురుపడితే, "వీడు గిప్పుడే లైన్లకచ్చిండు, రాసుకో," అన్నాడు తాత. చిన్నాయన ముఖం చూడాలి! నవ్వీ నవ్వీ నా కడుపు నొచ్చింది. ఎనిమిదోది నల్లా దగ్గరే ఉంది, నీళ్లు పట్టేటప్పుడు చూసుకోమన్నాడు.

సాయంత్రం రెండు బిందెలతో వెళ్లాను. త్వరగా పోయి వాక్యాలు రాసుకోవాలన్న ఆత్రం నాది. ముసలమ్మ ఇంకా రాలేదు. ఎవరూ చూడకుండా మా రాయిని ఆమె రాయికి ముందుకు జరిపేశాను. ఒక్క రాయే కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. నా రెండో బిందె నిండగానే నీళ్లు ఆగిపోయాయి. నా మొదటి బిందె నిండేటప్పుడే కుంటుకుంటూ వచ్చిన ముసలమ్మ నల్లా వంక చూసి, ఖాళీ బిందెతో తిరిగి వెళ్లిపోయింది.

ఆమె ఖాళీ బిందెతో పోవడం మా గుమ్మంలోంచి చూసిన తాత నన్ను తిట్టలేదు. "పొద్దుగాల ఆమె రాయి ఎన్క గద నేను పెట్టింది?" అన్నాడంతే. రెండు బిందెలూ నా చేతనే మోయించి ఆమె గుమ్మం దాకా తీసుకుపోయాడు. సిగ్గుతో చచ్చిపోయాను. నేనే జరిపానని ఒప్పుకున్నాను.

ముసలమ్మ నన్ను దగ్గరికి తీసుకుంది. "నా మోకాళ్లు నిలబడనియ్యవు బిడ్డా. నా బదులు గా రాయి నిలబడ్తది. మీరందరు దాన్ని నేననే అనుకోవాలె గద."

సోమవారం ఏడు వాక్యాలు గడగడా చదివేశాను. ఎనిమిదోదానికి ఇంగ్లీషు చాలలేదు. రాయి జరిపిన సంగతి మొత్తం తెలుగులోనే చెప్పేశాను. పిల్లలంతా నవ్వారు. నా పని అయిపోయిందనుకున్నాను.

"నీళ్లు తిరిగిచ్చినవా?" అని అడిగారు సారు.

"రెండు బిందెలు ఇచ్చిన సార్. మా ఇంట్ల పప్పు ఉడకలే."

సారు కూడా నవ్వారు. ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో ఆయనే బోర్డు మీద రాసి నాతో చదివించి, నన్ను ఆరులోనే కూర్చోమన్నారు. బీడీల బుట్ట నాకు తప్పింది.

ఇప్పుడు నాకూ మోకాళ్లు పోయాయి. ఆసుపత్రిలో లైను ఉంటే అందులో నా బదులు చెప్పుల జత పెట్టి బల్ల మీద కూలబడతాను. నా ముందు ఇంకెవరివైనా చెప్పులుంటే మాత్రం నా కళ్లు వాటి మీదే. ఎవరైనా కాలితో పక్కకు నెడితే కొట్లాటకు దిగుతాను. నా మనవరాలు సిగ్గుతో నా కొంగు పట్టి లాగుతుంది. లాగనీ. "అవి చెప్పులు గావు, మనిషి," అంటాను.