'క్లెయిమ్డ్' అని రాశారు, మా నాన్న గురించి

మా చిన్నప్పుడు దేశం కాని దేశంలో, పిస్కాటవే అనే ఊళ్ళో, రాత్రి అన్నాలు కాగానే అమ్మ న్యూస్‌పేపర్ తెచ్చి నా ముందు పెట్టేది... తెలుగు మర్చిపోకూడదని ఆవిడ పెట్టిన రూలు. ఒక వార్త ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పాలి. ఎంగిలి కంచాలు తీస్తూ అమ్మ వినేది. తప్పు చెబితే నాన్న దిద్దేవారు.

ఎనభైల మొదట్లో ఒకరోజు ఆ వార్త నాన్న గురించే వచ్చింది.

శనివారం సాయంత్రాలు మా అపార్ట్‌మెంట్‌లో ప్రార్థన కూడిక జరిగేది. సోఫా గోడకి జరిపి, జంపఖానాలు పరిచేవాళ్ళం. చుట్టుపక్కల తెలుగులో ప్రార్థన చేసుకోవడానికి అందరికీ ఉన్నది ఆ హాలొక్కటే... ఆ శనివారం వచ్చినవాళ్ళని సాగనంపడానికి నాన్న, నేను పార్కింగ్ లాట్‌లోకి వెళ్ళాం. ఎదురు బిల్డింగ్ కుర్రాళ్ళిద్దరు బూతులు తిట్టి, సీసా విసిరారు. నాన్న నుదురు చీలింది. అపార్ట్‌మెంట్ మేనేజర్ అక్కడే ఉన్నాడు. రక్తం తుడుచుకోమని టవల్ తెచ్చి ఇచ్చింది అతనే.

పేపర్లో చిన్న వార్త... చదివి తెలుగులో చెబుతున్నాను. విచారిస్తున్నామని పోలీసులు అన్నారు. ఏదో వాదన జరిగినట్టుందని మేనేజర్ అన్నాడు. మా పిల్లలు ఆ టైమ్‌కి ఇంట్లో టీవీ చూస్తున్నారని ఆ కుర్రాళ్ళ తండ్రి అన్నాడు. వాళ్ళందరికీ 'సెడ్', అంటే 'అన్నారు'. నాన్న దగ్గరికి వచ్చేసరికి 'క్లెయిమ్డ్'. నాకు తెలుగు దొరకలేదు. ఆయన వైపు చూశాను.

ఆయన నుదుటి మీది కట్టు తడుముకున్నారు. “అలా జరిగిందని వీడు చెప్పుకుంటున్నాడు... అని,” అన్నారు.

అమ్మ చేతిలో కంచం అలాగే ఉండిపోయింది. “చెప్పుకోవడమేంటండీ? ఆ కట్టు సరదాకి కట్టుకున్నారా మీరు?”

మర్నాడు నాన్న పేపర్ ఆఫీసుకి ఫోన్ చేశారు. వార్త రాసినతను చాలా మర్యాదగా మాట్లాడాడట. కేసు తేలేదాకా జాగ్రత్తగా రాయడం మా పద్ధతి సర్ అన్నాడట. మరి ఆ కుర్రాళ్ళ తండ్రి మాటకి ఆ జాగ్రత్త ఎందుకు అక్కర్లేకపోయిందని నాన్న అడిగారు. దిద్దుబాటు మాత్రం వెయ్యలేం అన్నాడట.

ఆ మర్యాద తలుచుకుంటే నాకిప్పటికీ ఆ సీసానే నయమనిపిస్తుంది. సీసా విసిరినవాడు కనీసం ఎదురుగా నిలబడ్డాడు.

వారం తిరక్కుండా మేనేజర్ ఆ పేపర్ పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. ఇలాంటి గొడవలు మాకొద్దు, మీరు అంటున్నదానికి రుజువు కూడా లేదు, ఇక ఇక్కడ మీటింగ్‌లు పెట్టొద్దు అన్నాడు. పెద్దవాళ్ళెవరినైనా అంకుల్ అనాలని మాకు నేర్పారు. పక్కనే ఉన్న మా అక్క అలాగే పిలిచింది.

“అంకుల్, యూ వర్ దేర్. టవల్ ఇచ్చింది మీరే కదా.”

ఆ కంగారులో సగం తెలుగులో అంది. 'టవల్' అన్న మాటతో అతనికి అర్థమైంది. నేను మీ అంకుల్‌ని కాదు అని వెళ్ళిపోయాడు.

కూడిక ఆగిపోయింది. కొందరు దగ్గర్లోని ఇంగ్లీషు చర్చ్‌లకి మారారు, కొందరు దేనికీ వెళ్ళడం మానేశారు. శనివారం సాయంత్రం నాన్న ఒక్కరే హాల్లో మోకరించేవారు... పాట ఎత్తుకునేవారు కాదు.

నేను కాలేజీకి వెళ్ళలేదు. ఇంగ్లీషు మాటల తేడాలు నేను నేర్చుకున్నది ఆ పేపర్లు చదివే. అందుకే ఇప్పటికీ ఫోన్‌లో వార్త తెరిస్తే ముందు చూసేది, ఎవరి మాటకి ఏ మాట వాడారని... ఇప్పుడు మనకి సొంత చర్చ్‌లున్నాయి, లాయర్లున్నారు. మనం మాట్లాడితే 'సెడ్' అనే రాస్తున్నారు. ఆ 'క్లెయిమ్డ్' మన తర్వాత వేరే దేశాల నుంచి వచ్చినవాళ్ళకి దక్కింది. అది చదివి, “వీళ్ళు ఇలాగే చెబుతార్లే” అని మనవాళ్ళే అంటుంటే విన్నాను, అదీ చర్చ్ పార్కింగ్ లాట్‌లో... అంతకంటే అసహ్యం నాకింకేదీ లేదు.

మీ ఇంట్లోవాళ్ళ మాటని ఎవరైనా ఇలా పలచన చేశారా... ఉంటే కింద రాయండి. నేను రుజువు అడగను.